మిర్చి యార్డు దగ్గరకు వచ్చిన క్షయ పరీక్షల శిబిరం: ఆరు నెలల తరువాత నా అభిప్రాయం (5కి 4)

గుంటూరు మిర్చి యార్డులో దగ్గును ఎవరూ రోగంగా లెక్కించరు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే హమాలీ దగ్గినా, తొడిమలు తీసే ఆడకూలీ దగ్గినా, ఇరవై ఏళ్లుగా ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాస్తున్న నేను దగ్గినా, ఘాటు అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోవాలని గోడల మీద రాసిన హెచ్చరిక అందుకే మాలో ఎవరికీ అంటదు. గత ఫిబ్రవరిలో యార్డు సమీపంలో ఒకరోజు నిర్వహించిన ఉచిత క్షయ నిర్ధారణ శిబిరం నాకు నచ్చడానికి ముఖ్యకారణం, దగ్గు ఉందా లేదా అని వడకట్టకుండా వచ్చిన ప్రతివారికీ ఛాతీ ఎక్స్‌రే తీయడమే.

ఈ పద్ధతి వెనుక గట్టి ఆధారమే ఉంది. 2019–21లో దేశవ్యాప్తంగా జరిగిన క్షయ సర్వేలో బయటపడిన రోగులలో 42.6 శాతం మంది, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే లెక్కలోకి వచ్చేవారే కారు; లక్షణాలు ఉన్నవారిలో 64 శాతం మంది వైద్యం కోసం ఏ గడపా తొక్కలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 1.08 కోట్ల మందికి క్షయ సోకగా, కొత్తగా నిర్ధారణ అయి నమోదైనవారు 82 లక్షల మంది. మిగిలిన పాతిక లక్షల పైచిలుకు మంది మా కొట్టు భాషలో పద్దుకెక్కని బాకీ. దాని వడ్డీ మాత్రం ఇంట్లోవారూ, పక్కన పనిచేసేవారూ కడుతూనే ఉంటారు.

ఎక్స్‌రే యంత్రం చేత్తో పట్టుకునేంత చిన్నది. తీసిన బొమ్మ క్షణాల్లో లాప్‌టాప్‌లో కనబడుతుంది. అనుమానించవలసిన చోటును సాఫ్ట్‌వేర్ రంగు వేసి చూపుతుంది. ఇలా యంత్రంతో ఎక్స్‌రేను చదివించడాన్ని పెద్దల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఆమోదించింది. పుస్తెలతాడు తీయాలేమోనని వెనుదిరగబోయిన ఆడకూలీలను ఒక సిస్టరు ఆపి, తీయనవసరం లేదమ్మా, పైకెత్తి నోట కరచుకోండి చాలని చెప్పడంతో వరుస మళ్ళీ కదిలింది. ఆ ఉపాయం తోచకపోతే సగం మంది వెళ్లిపోయేవారు.

మా ముఠాలోని ఒక పెద్దాయన బొమ్మలో కుడివైపు పైభాగాన రంగు పడింది. ఆయనకు మా అందరికంటే ఎక్కువ దగ్గేమీ లేదు. మొలతాడు జారిపోతోందని సంక్రాంతి తరువాత రెండుసార్లు ముడి బిగించుకున్నట్టు అడిగితే గాని చెప్పలేదు. కళ్లె పరీక్షకు ఆయన ఇచ్చిన మొదటి డబ్బాలో ఉన్నది ఉమ్మేనని తేల్చి, పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి ఇవ్వమని ఆరుబయటకు తీసుకువెళ్లి ఓపికగా నేర్పారు.

లోపాలూ చెప్పాలి. లాప్‌టాప్ తెర వరుసవైపే తిరిగి ఉండడంతో, ఎవరి బొమ్మలో రంగు పడిందో వెనుక నిలబడ్డవారందరికీ తెలిసిపోయింది. పెద్దాయనతో ఆ మధ్యాహ్నమే ఒకరిద్దరు టీ గ్లాసు పంచుకోవడం మానేశారు. (గ్లాసుతో క్షయ రాదు, గాలితో వస్తుంది, వినేవారేరీ?) శిబిరాన్ని సరిగ్గా బేరాలు సాగే వేళకు పెట్టడం వల్ల హమాలీలలో చాలామంది రాలేకపోయారు. ఇక కళ్లెలో క్షయ క్రిమిని పట్టే ట్రూనాట్ యంత్రం ఒకటి రెండు గంటల్లో తేల్చగల ఫలితం, నమూనా ఎక్కడెక్కడ ఆగిందో గాని, మాకు ఆరో రోజున చేరింది.

క్షయేనని తేలాక ఆయన మొదటి ప్రశ్న, మంగళగిరి పంపుతారా అని. ఒకప్పటి శానిటోరియం స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ ఉందని తెలిసినా, ఆ తరానికి మంగళగిరి అంటే ఇంకా క్షయ ఆసుపత్రే. ఇంటి దగ్గరే మందులు వాడినా శానిటోరియంలో వాడినంత గుణం ఉంటుందని 1950లలోనే మద్రాసులో జరిగిన అధ్యయనం రుజువు చేసింది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తరువాత నాలుగు నెలలు మూడు మందులవి, బరువును బట్టి లెక్క. అన్నీ ఉచితం; పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. ఇంట్లోవారికి కూడా పరీక్షలు చేసి, రోగం లేదని తేల్చుకున్నాకే నివారణ మందులు ఇచ్చారు.

మందులు ఇచ్చినవారు ఒక్క మాట మరచారు. ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది తెలియక రెండో రోజు రాత్రి పదకొండింటికి, రక్తం పడుతోందయ్యా, ఇక మాత్రలు మింగనని ఆయన నాకు ఫోన్ చేశారు. ఆ భయంతో ఆ రాత్రే మానేసేవారు ఎందరుంటారో. చీటీలో రాశామన్నారు గాని, ఆయనకు చదవడం రాదు.

పెద్దాయన ఇప్పుడు ఏడు కిలోలు పెరిగారు. ఆఖరి కళ్లె పరీక్ష వచ్చే వారం. అదే బృందం మళ్ళీ వస్తే బేరాలు ముగిశాక రమ్మనీ, తెరను గోడవైపు తిప్పమనీ కోరుతూ మా ముఠా తరఫున అర్జీ రాసి ఇచ్చాను.