రోటాక్స్ 912లో ఆయిల్ మట్టం చూడటం: ఆరేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్ శివార్లలో ఇద్దరు మిత్రులతో కలిసి నేను నడుపుతున్న రెండు సీట్ల మైక్రోలైట్‌లో (చాలా తేలికపాటి చిన్న విమానంలో) 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజిన్ ఉంది. ఆరేళ్లలో సుమారు 450 గంటలు నడిచింది. కొత్తగా ఈ ఇంజిన్‌కు మారినవారిని అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టేది ఆయిల్ మట్టం కనుక, ఈ సమీక్షను దానికే పరిమితం చేస్తున్నాను.

నేను ఎగరడం నేర్చుకున్నది సెస్నా 172 మీద. అందులోని లైకమింగ్ ఇంజిన్‌లో ఆయిల్ ఇంజిన్ అడుగున ఉండే సంప్ అనే తొట్టిలోనే ఉంటుంది కనుక, ఇంజిన్ ఆపి కాసేపు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే గీతల పుల్ల) తీస్తే లెక్క తేలిపోతుంది. ఆ అలవాటే మొదటి నెలలో నన్ను దెబ్బతీసింది. వారం రోజులు షెడ్డులో నిలిచిన విమానంలో డిప్‌స్టిక్ కొసకు కూడా ఆయిల్ సరిగా అంటకపోయేసరికి, అర లీటరు పోశాను. ఎగిరి దిగాక చూస్తే, గాలి బయటికి పోయే వెంట్ గొట్టం నుంచి తోక దాకా విమానం పొట్ట నిండా ఆయిల్ చారలు ఉన్నాయి. లీకేమోనని రెండు రోజులు ప్రతి పైపునూ, ప్రతి క్లిప్పునూ తడిమి చూశాము. లీకు ఎక్కడా లేదు. తప్పు పోసిన చేతిదే.

912లో ఆయిల్ పక్కన వేరే ట్యాంకులో ఉంటుంది. పంపు దానిని లాగి ఇంజిన్‌కు అందిస్తుంది. పని ముగించుకుని క్రాంక్‌కేస్ (ఇంజిన్ ప్రధాన పెట్టె) అడుగుకు చేరిన ఆయిల్‌ను తిరిగి ట్యాంకుకు నెట్టేది మాత్రం మరో పంపు కాదు, పిస్టన్ రింగులను దాటి కిందికి జారే వాయువుల ఒత్తిడే. విమానం నిలిచి ఉంటే కొంత ఆయిల్ మెల్లగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద కనిపించేది ట్యాంకులో మిగిలినది మాత్రమే. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా దాదాపు 0.45 లీటరే కాబట్టి, నేను పోసిన అర లీటరుకు అందులో చోటే లేదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. విమానాన్ని సమతలం మీద నిలిపి, చక్రాలకు అడ్డుపెట్టి, ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆపి ఉన్నాయని చేత్తో ముట్టి చూసుకుని, ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతాము. వెనక్కి తిప్పితే ఆయిల్ మార్గంలోకి గాలి చేరి వాల్వులను కదిపే, ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్ల దాకా పోవచ్చు. సిలిండర్‌లో వాయువు నొక్కుకుని చేతికి బిగువు తగిలిన ప్రతిచోటా కొన్ని క్షణాలు ఆపి పట్టుకుంటే వాయువు కిందికి జారడానికి సమయం దొరుకుతుంది. గబగబా తిప్పడం వల్ల ఆయాసం తప్ప ప్రయోజనం లేదు. చివరికి ట్యాంకులోంచి హుక్కా పీల్చినట్టు గుడగుడమని శబ్దం వస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ తుడిచి చూస్తే మట్టం పై సగంలో ఉండాలి. మా షెడ్డులో సాయం చేసే కుర్రవాడు ఈ శబ్దానికి త్రేన్పు అని పేరు పెట్టాడు. "ఇంకా త్రేన్చలేదు సార్" అన్నాడంటే కొత్త ఆయిల్ డబ్బా మూత తెరవకూడదని అర్థం.

డిసెంబరు ఉదయాల్లో ఆయిల్ చిక్కబడి ఉంటుంది కనుక ఒక్కోసారి ముప్ఫై చుట్లు దాటుతుంది. మే నెల మధ్యాహ్నం ఎగిరి దిగిన వెంటనే అయితే నాలుగైదు చాలు. అయితే వేడి ఇంజిన్ ప్రొపెల్లర్ మీద చేయి వేయడమంటే నాకు ఇప్పటికీ బెరుకే, అందుకే లెక్కకు తీసుకునే కొలత ఉదయానిదే. కొత్త ఆయిల్ నీళ్లలా తేటగా ఉండి ఎండలో గీత కనబడదు. డిప్‌స్టిక్‌ను నీడకు తిప్పి చూస్తే తెలుస్తుంది.

చేత్తో తిప్పడంలో అనుకోని లాభం ఒకటుంది. గేర్‌బాక్స్ నిష్పత్తి 2.43 కనుక ప్రొపెల్లర్ ఒక్క చుట్టులో దాదాపు ఐదు బిగువులు తగులుతాయి. నాలుగు సిలిండర్లలో ఏదైనా మెత్తబడి బిగువు తగ్గితే పరికరం పెట్టకముందే అరచేతికి తెలుస్తుంది.

లెడ్ (సీసం) ఉన్న ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు వాడతాము కనుక ఆయిల్‌ను 50 గంటలకే మారుస్తాము. గంటకు 0.06 లీటరు దాకా ఖర్చును తయారీదారు అనుమతిస్తారు. సరిగా చూడటం నేర్చుకున్నాక మా పుస్తకంలో రెండు మార్పుల మధ్య నమోదైన అదనపు ఆయిల్ ఎప్పుడూ పావు లీటరు దాటలేదు.