కోచింగ్‌కి ఐదు, సబ్బుకి సున్నా

మావాడికి పదకొండేళ్లు. సెలవుల్లో ఫోన్ వదలట్లేదని ఈ ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో చేర్పించాం, మధురవాడ నుంచి రోజూ స్కూటీ మీద దింపేది నేనే. పేరు రాయట్లేదు, వైజాగ్‌లో ఇలాంటివి ఉన్నవే కొన్ని.

కోచ్ గారికి ఓపిక చాలా ఎక్కువ. మొదటి పది రోజులు గన్ పేల్చనివ్వకుండా నిలబడటం, ఊపిరి బిగబట్టడమే నేర్పారు. 10 మీటర్ల లేన్లు, ఏసీ, అన్నీ బాగున్నాయి. ఫీజు మాత్రం ఎక్కువే.

ఇక అసలు గొడవ. పెల్లెట్లు 4.5 మిల్లీమీటర్ల సీసం గుళ్లు. పిల్లలు ఒక్కొక్కటీ వేళ్లతో తీసి లోడ్ చేస్తారు, వేళ్ల కొసలు బూడిద రంగుకి తిరుగుతాయి, బ్రేక్‌లో ఆ చేత్తోనే పునుగులు. మావాడైతే ఒకరోజు నాలుగు పెల్లెట్లు నోట్లో పెట్టుకుని, మేకులు పెట్టుకునే వడ్రంగిలా ఒక్కొక్కటే తీస్తున్నాడు! నాకు గుండె ఆగినంత పనైంది. వాష్‌బేసిన్ ఉంది, సబ్బు లేదు. టార్గెట్ వెనక ఇనప రేకుకి తగిలి నలిగిన సీసం పొడిని ఆయమ్మ పొడి చీపురుతో ఊడుస్తుంది, అన్నతో పాటు వచ్చే మా నాలుగేళ్ల చిన్నది ఆ నేల మీదే ఆడుతూ ఉంటుంది. సీసం ఇంతవరకైతే పర్లేదు అనే లెక్కే లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది, పైగా మింగిన సీసం పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది, దెబ్బ కొట్టేదేమో మెదడుని. ఆఫీసులో అడిగితే "ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదు మేడమ్" అన్నారు. సీసం జ్వరంలా చెప్పి వస్తుందా?

విచిత్రం ఏంటంటే, ఒకాయన ఆదివారం కొడుకుని పక్షులు చేరే కొండకర్ల ఆవ చెరువుకి తీసుకెళ్లి కొంగల మీద ప్రాక్టీస్ చేయిస్తానంటే కోచ్ గారు గట్టిగా తిట్టారు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం అన్నారు, బురదలో పడ్డ సీసం గుళ్లని బాతులు గులకరాళ్లనుకుని మింగితే అవి లోపల అరిగి రక్తంలో కలుస్తాయన్నారు, అమెరికాలో నీటిపక్షుల వేటకి సీసం గుళ్లు 1991లోనే ఆపేశారని కూడా చెప్పారు. బాతుల సంగతి ఇంత తెలిసిన మనిషికి మా పిల్లల చేతులు కనపడలేదు!

నలుగురు తల్లులం వెళ్లి కూర్చున్నాక పోయిన వారం లిక్విడ్ సోప్ పెట్టారు. చీపురు మాత్రం అదే. చిన్నదాన్ని ఇక తీసుకెళ్లట్లేదు, మావాడి బట్టలు విడిగా ఉతుకుతున్నా. మొత్తమ్మీద ఐదుకి మూడు. తడిగుడ్డతో తుడవడం మొదలుపెడితే నాలుగు చేస్తా.