ఫ్లవర్ షోలో పూలు తక్కువున్న తోట

ఫ్లవర్ షోకి సాయంత్రం మాత్రం వెళ్లకండి. అమ్మా నేనూ మొదటి రోజు సాయంత్రం వెళ్లి, జనం వీపులు చూసి తిరిగొచ్చేశాం. మర్నాడు పొద్దున గేటు తీసే వేళకి మళ్లీ వెళ్లాం. అప్పుడే నీళ్లు పట్టినట్టున్నారు, ఆకులన్నీ తడిగా ఉన్నాయి. ఎండ ఇంకా ఏటవాలుగానే పడుతోంది.

లోపలికి అడుగుపెట్టగానే చేమంతులతో కట్టిన పెద్ద నెమలి. ఫోన్లన్నీ దాని చుట్టే. ముందురోజు సాయంత్రానికే దాని మెడ మీద పూలు వాడి గోధుమరంగుకి తిరిగాయి. పనితనం ఉంది, కాదనను. కానీ అది బొమ్మ. తోటలు దాని వెనకున్నాయి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఏడో నంబరు తోట దగ్గర. పువ్వంటూ ఉన్నవి ఒక మూల కాసిని తెల్ల పిటూనియాలు, అంతే. మిగతాదంతా ఆకులే. వెడల్పాటి చేమాకుల పక్కన సన్నటి ఫెర్న్‌లు, మధ్యమధ్య ముదురు ఎరుపు కోలియస్. ఈ మూడింటినే మళ్లీ మళ్లీ వాడారు. నేనైతే నర్సరీలో కనపడ్డ ప్రతి రకమూ ఒక్కోటి తెచ్చుకుంటాను, అందుకే నా మేడ మీద కుండీలు సంతలా ఉంటాయి. దారి కూడా తిన్నగా వేయలేదు. వెదురు పొద దగ్గర వంపు తిప్పారు, అవతల ఏముందో కనపడదు. నాలుగడుగులు వేస్తే ఒక బెంచీ, రాతి తొట్టిలో నీళ్లు. ఇరవై అడుగులు కూడా లేని జాగా అది!

అమ్మ వంగి చెక్కపొట్టు పక్కకి తోసి, "ఏమే, ఇవన్నీ కుండీలే! కుండీలతో సహా పాతిపెట్టేశారు" అంది. షోల్లో అలాగే చేస్తారు, వాడిన మొక్క తీసి ఇంకోటి దించెయ్యొచ్చు కదా. అది చూసి ఇంట్లో కూడా అంత దగ్గరగా నాటితే మాత్రం కొన్నాళ్లకే ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. గాలి ఆడక బూడిద తెగులు కూడా పట్టుకుంటుంది.

'జపాన్ తోట' అని బోర్డు పెట్టినది నిరాశపరిచింది. కంకర మీద గీసిన అలలు బాగానే ఉన్నాయి, రాళ్లనే డ్రిల్లులో పిల్లల్లా వరసగా నిలబెట్టారు. జపాన్‌లో క్యోటోలోని ర్యోఅంజి ఆలయం రాళ్ల తోటలో 15 రాళ్లుంటే, వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒకటైనా చాటుకి పోతుంది. ఇక్కడ అన్నీ ఒక్క చూపులో అయిపోయాయి. పైగా మధ్యలో ఎర్ర టోపీ మరుగుజ్జు బొమ్మ! లండన్ చెల్సీ ఫ్లవర్ షోలో ఈ బొమ్మలకి మామూలుగా అనుమతి ఉండదు, నూరేళ్ల సంబరమని 2013లో రానిచ్చారు. ఆ రూలు ఎందుకుందో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఇంకో గొడవ, పేర్ల బోర్డులు. చాలా వాటి మీద 'హైబ్రిడ్' అని తప్ప ఏమీ లేదు. నచ్చిన మొక్కని ఏమని అడిగి కొనుక్కోవాలి?

ఏడో నంబరు తోటకి తాడు కట్టేశారు. అమ్మ మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటే అక్కడి కుర్రాడు జాలిపడి రెండు నిమిషాలు బెంచీ మీద కూర్చోనిచ్చాడు. నేనూ పక్కనే సర్దుకున్నాను. అక్కణ్ణుంచి వెదురు సందులోంచి నెమలి వీపు కనిపించింది. ఇనప చువ్వలు, వైర్లు. ఒకాయన నిచ్చెన మీద నిలబడి వాడిన చేమంతులు పీకి, బుట్టలోంచి కొత్తవి గుచ్చుతున్నాడు.