మా ఇంటికి పావుగంట దూరంలో మూడుసార్లు బస: హోషినోయా టోక్యో

మేముండేది టోక్యోలో నిషి కసాయ్‌లో. తోజాయ్ మెట్రో లైను ఎక్కితే ఈ హోటలున్న ఓతెమాచి పావుగంట దారి. "రోజూ ఆఫీసుకు దిగే స్టేషన్లోనే దిగి, లక్ష యెన్లు పోసి పడుకుంటారా?" అని పక్కింటి తెలుగువాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. 2017లో మేమిద్దరం, 2019లో అమ్మతో, 2023లో మళ్లీ మేమిద్దరం, మొత్తం మూడుసార్లు హోషినోయా టోక్యోలో ఉన్నాం. అందుకే ధైర్యంగా రాస్తున్నా.

చుట్టూ బ్యాంకులు, పత్రికల ఆఫీసులు. వాటి మధ్య నల్లటి జాలీ కప్పుకున్న 17 అంతస్తుల భవనం. ఒకప్పుడు సమురాయ్‌ల బట్టల మీద ఉండే ఎదో కొమొన్ అనే సన్నటి అద్దకం డిజైనే ఆ జాలీ. 2016లో తెరిచారు. దీన్ని నడిపేవాళ్లు కరుయిజావా అనే కొండ ఊళ్లో 1914 నుంచి ర్యోకాన్ పెట్టుకున్నవాళ్లు. ర్యోకాన్ అంటే పాతకాలపు జపాన్ సత్రం. మామూలుగా తోట చుట్టూ నేలమీద పరుచుకుని ఉంటుంది. ఇక్కడ చోటెక్కడిది? అందుకని గదులున్న ఒక్కో అంతస్తునీ ఒక్కో చిన్న ర్యోకాన్‌గా చేసి ఒకదానిపై ఒకటి పేర్చారు. అలాంటి అంతస్తుకు ఆరు గదులే, మొత్తం 84.

గుమ్మంలోనే చెప్పులు విప్పించుకుంటారు. గోడ పొడుగునా పైకప్పు దాకా చెక్క, వెదురు పెట్టెలు, వాటిలో దాస్తారు. ఇక వెళ్లేదాకా కాలికింద తతామీయే. మన తుంగలాంటి ఇగుసా గడ్డితో నేసిన మెత్తటి చాప. వరండాలో ఉంది, ఆఖరికి లిఫ్టులోనూ ఉంది. "లిఫ్టుకి కూడా చాపేశారేంటే!" అంది అమ్మ. తెనాలిలో చాపమీద కూర్చునే కూరలు తరిగే మనిషి, ఐదు నిమిషాల్లో ఆ ఇల్లు తనదైనట్టు తిరిగింది. నేనే ఆఫీసు కుర్చీకి అలవాటుపడి అరగంటకోసారి కాళ్లు మార్చుకున్నా.

'జపాన్ పద్ధతి' అని బోర్డు పెట్టి కాగితపు దీపం, ప్లాస్టిక్ చాప, గోడకు ఫుజి కొండ ఫొటో తగిలించిన హోటల్లో ఓసారి మోసపోయాం. పేరెందుకులెండి. అక్కడ గదిలో బూట్లతోనే తిరిగాం. నా దృష్టిలో తేడా అంతా అక్కడే. చెప్పులు విప్పితే మనిషి నడక మారుతుంది, గొంతు తగ్గుతుంది. మావారు ఫోన్లో కూడా మెల్లగా మాట్లాడటం పెళ్లయ్యాక అక్కడే చూశా.

గది బాగుంటుంది. నేలబారు మంచం, కాగితపు తలుపులు, లోతైన తొట్టి. కానీ గది కోసం వెళ్లకండి. ప్రతి అంతస్తులోనూ ఒచానోమా అని ఒక గది ఉంటుంది, ఆ ఆరు గదులవాళ్లకే. అర్థం టీ తాగే గదే గానీ, మన ఇళ్లలో అందరూ చేరే మధ్యగది అనుకోండి. పగలు టీ, ఋతువును బట్టి మిఠాయి. పొద్దున్నే ఒనిగిరి, అంటే అన్నం ముద్దలు. దాంతోపాటు ఇచ్చే మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు శాకాహారులకు కుదరదు, అది కాచే దాషి అనే రసంలో చేప ఉంటుంది. ఇది జపాన్ అంతటా ఉన్న సంగతే. ఉమెబొషి పెట్టిన ముద్ద మాత్రం మామూలుగా తినొచ్చు. ఆ ఉప్పటి పుల్లటి కాయ కొరికి, "ఇది మన ఊరుసిరికే" అని అమ్మ ఇంకోటి అడిగింది. మూడు బసల్లోనూ నేను గదిలోకన్నా ఇక్కడే ఎక్కువసేపు గడిపాను.

పై అంతస్తులో వేడినీటి స్నానం. 1,500 మీటర్ల లోతు నుంచి తోడిన నీళ్లు, రంగు తేనీరులా, రుచి ఉప్పగా. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు, కానీ ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. "కృష్ణా పుష్కరాల్లో చీరతోనే కదా మునిగాను" అని అమ్మ భీష్మించింది. రాత్రి పదకొండు దాటాక ఎవరూ లేరని చూసొచ్చి తీసుకెళ్లా. లోపలి నుంచి నీళ్లలోనే నడిచి బయటికి వెళ్తే నాలుగు వైపులా ఎత్తు గోడలు, పైన కప్పు లేదు. టోక్యో నడిబొడ్డున ఒక్క భవనం కనబడదు, ఆకాశం ముక్కొకటే. అమ్మ గంటసేపు బయటికి రాలేదు. మర్నాడు పొద్దున తనే ముందు లేచి వెళ్లింది.

పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. మంచం, సోఫా అన్నీ కిందకే ఉంటాయి. అమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ల నొప్పులుంటే బుక్ చేసేటప్పుడే అడగండి. కిటికీలోంచి ఊరంతా చూడాలనుకునేవాళ్లకూ ఇది కాదు, జాలీ అడ్డు. చక్రవర్తి కోట పక్కనే కదా అని ఆశపడొద్దు, అది నడిచి వెళ్లి చూడాల్సిందే.

డబ్బు సంగతి: గదికి లక్ష యెన్లు దాటుతుంది, అంటే మన యాభై వేల పైమాటే. మామూలు ర్యోకాన్లో రెండు పూటల భోజనం కలిపే ఉంటుంది, ఇక్కడ భోజనం వేరే. మేమైతే రాత్రి భోజనం బయటే కానిస్తాం. మూడింటికల్లా చేరిపోతాం, మర్నాడు ఆఖరి నిమిషం దాకా కదలం. ఇంటికి వెళ్లాల్సింది పావుగంటే కదా.