కేబులా, యాప్‌లా? ముందు అమ్మ ఏ సీరియల్ చూస్తుందో కనుక్కోండి

మార్చిలో మా ఇంట్లో కేబుల్ తీసేశాం. అప్పటినుంచి లిఫ్టులో కలిసినవాళ్ల దగ్గర్నుంచి పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ల దాకా అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఏమాత్రం మిగులుతోంది?"

మిగులుతోంది. 350 రూపాయల కేబుల్ బిల్లు పోయి రెండు యాప్‌ల చందా వచ్చింది. ఏడాదికి ఒకేసారి కట్టాను కాబట్టి నెలకు లెక్కేస్తే పాత బిల్లులో సగానికి అటూఇటూ పడుతోంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మాకు ఇంటర్నెట్ ముందునుంచే ఉంది. టీవీ కోసమే కొత్తగా కనెక్షన్ పెట్టించుకుంటే 399 ప్లాన్ కూడా 18 శాతం జీఎస్టీతో 470 దాటుతుంది. చందాలు దాని మీద అదనం. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, మీకు కేబులే చవక.

ఉన్నవాళ్లకు అసలు ప్రశ్న డబ్బు కాదు. ఇంట్లో టీవీ ఎక్కువగా చూసేది ఎవరు, వాళ్లు చూసేది ఏ ఛానెల్? ఎందుకంటే కేబుల్‌లో ఒకే తీగ మీద వచ్చేవన్నీ ఇక్కడ తలో దిక్కుకీ పోయాయి. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. నాలుగు ఛానెళ్లూ తిప్పితిప్పి చూసే ఇంట్లో నాలుగు చందాలు కట్టాలి, అప్పుడు మిగిలేదేమీ ఉండదు. ఒకటి రెండు ఛానెళ్లకే అతుక్కున్న ఇల్లయితే యాప్‌లదే పైచేయి. నేనైతే తీసేసే ముందు ఒక వారం పాటు అమ్మ ఏ టైముకి ఏం చూస్తోందో పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాను. 200 పైచిలుకు ఛానెళ్లలో ఆవిడ చూసేవి నాలుగు: రెండు సీరియళ్ల ఛానెళ్లు, ఒక న్యూస్, ఎస్వీబీసీ. చివరి రెండూ యూట్యూబ్ లైవ్‌లో ఉచితం. మధ్యాహ్నం పన్నెండింటి శ్రీవారి కల్యాణం ఇప్పుడు అందులోనే చూస్తోంది.

రెండో చిక్కు రిమోట్. కేబుల్ రిమోట్‌లో అమ్మకి నంబర్లు కంఠతా వచ్చు, చూడకుండానే నొక్కేది. కొత్త రిమోట్‌కి అంకెలే లేవు. మొదటి వారం నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. "ఒరేయ్, ఇదేదో నాలుగంకెలు అడుగుతోందిరా. మన గేటు నంబరు కొట్టాను, కాదంటోంది." యాప్ లాగౌట్ అయిపోయింది, ఓటీపీ నా ఫోన్‌కి వచ్చింది. ఆ సాయంత్రం చేసిన మొదటి పని, లాగిన్‌ని అమ్మ నంబరు మీదికి మార్చడం. రెండోది, ఆవిడ చూసే మూడు యాప్‌లనీ హోమ్ స్క్రీన్‌లో ముందు వరసలోకి జరిపి, మిగతావి కనపడకుండా చేయడం. పది రోజుల్లో అలవాటైంది. జీ5లో చందా ఉన్నవాళ్లకి కొత్త ఎపిసోడ్ టీవీ కన్నా ముందే వస్తుంది కదా, ఇప్పుడు రాత్రి సీరియల్ పొద్దున్నే చూసేసి పక్క ఫ్లాట్ ఆంటీకి కథంతా చెప్పేస్తోంది. ఆంటీ రెండుసార్లు అలిగారు కూడా.

చందా కట్టేటప్పుడు ఒకటి చూసుకోండి. జియోహాట్‌స్టార్‌లో అన్నిటికన్నా చవకైన మొబైల్ ప్లాన్ టీవీలో పనిచేయదు. చవకని అది కట్టేసి తర్వాత నాలుక్కరుచుకున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. ప్రైమ్ వీడియో ఉంది కదా అనుకుంటే, 2025 జూన్ నుంచి అందులోనూ యాడ్స్ వస్తున్నాయి. వద్దంటే వేరేగా కట్టాలి.

ఇక చాలామంది పట్టించుకోని దారి ఇంకోటుంది, కేబుల్‌ని తీసేయకుండా కోసుకోవడం. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్యాకేజీ వద్దని, కావాల్సిన ఛానెళ్లు విడివిడిగా అడిగే హక్కు మనకుంది. కనెక్షన్ చార్జీ 130 దాటకూడదని అప్పట్లో ఉండేది. ఆ లెక్కన పే ఛానెళ్లు, అంటే విడిగా డబ్బు కట్టేవి, రెండు 19 చొప్పున వేసుకున్నా, జీఎస్టీతో కలిపి 200 లోపే. 2024లో ఆ 130 పరిమితి ఎత్తేశారు కాబట్టి మీ ఆపరేటర్ ఎంతంటాడో కనుక్కోవాలి. మా కేబుల్ అబ్బాయి విడి ఛానెళ్ల మాట ఎత్తగానే "అలా రాదు సార్, ప్యాకే తీసుకోవాలి" అన్నాడు. గట్టిగా అడిగితే వచ్చేదేమో, నాకు ఓపిక లేకపోయింది. ఊళ్లో ఒంటరిగా ఉండే మా పెద్దమ్మకి మాత్రం యాప్‌ల జోలికి పోవద్దనే చెప్పాను. అక్కడ ఓటీపీ వస్తే చూసిపెట్టేవాళ్లుండరు. ఆవిడకి ఈ కోత కేబులే మేలు.

డీటీహెచ్‌దీ కేబుల్ లెక్కే, పైగా గట్టి వాన పడితే బొమ్మ పోతుంది. దూరదర్శన్‌వాళ్ల డీడీ ఫ్రీ డిష్‌కి నెలవారీ బిల్లు లేదు, డీడీ యాదగిరి, సప్తగిరి వస్తాయి, కానీ హిందీవాళ్లకి పనికొచ్చినంత మనకి పనికిరాదు. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ 2017లో నెట్, టీవీ, ఫోన్ కలిపి 149కి మొదలైంది. ఆ ధర ఇప్పుడు లేదు, అయినా మీ వీధిలో లైన్ ఉంటే అడిగి చూడండి.

కేబుల్ ఆపమన్నప్పుడు ఆ అబ్బాయి బాక్సు పట్టుకెళ్లలేదు. "ఉండనీయండి సార్, సంక్రాంతికి ఆంటీ మళ్లీ పెట్టించమంటారు" అన్నాడు. అది టీవీ కిందే ఉంది. అమ్మ దాన్ని రోజూ తుడుస్తోంది.