రిటైరైన ఉద్యోగులతో అరకు

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. అరకు చేరేసరికి పదకొండవుతుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. ఇంత దూరానికి ఇంతసేపా అనిపిస్తుంది గానీ, ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చాక ఘాట్ మొదలవుతుంది. అక్కణ్ణుంచి రైలు ఎంత నిదానంగా పోతే మనకు అంత లాభం.

మేమంతా విజయనగరంలో పదో తరగతి కలిసి చదువుకున్నవాళ్లం. ఒకడు గూడ్సు గార్డుగా, ఒకడు బ్యాంకు మేనేజరుగా, ఒకడు ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. ఇంకొకామె టీచరు. నేను టెలిఫోన్ల శాఖ. ఇలాంటి జట్టుతో బయల్దేరితే రైలుకో న్యాయమూర్తి, రోడ్డుకో న్యాయమూర్తి, బిల్లుకో న్యాయమూర్తి. కింద నేనిచ్చిన మార్కుల్లో సగం వాళ్లవే.

రైలుతో మొదలుపెడతాను. అద్దాల పెట్టె విస్టాడోమ్ ఈ లైన్లో 2017 నుంచి నడుస్తోంది. టికెట్ ఖరీదెక్కువ, చలికాలంలో ముందుగా తీసుకోకపోతే దొరకదు. పైకప్పులో కూడా అద్దాలున్నాయి. కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. అందరూ లోయ వైపు తిప్పుకుంటే మేం ఒకరికొకరు ఎదురుగా తిప్పుకున్నాం. గాలి మొహానికి కొట్టాలనుకునేవాళ్లకు మాత్రం ఈ పెట్టె పనికిరాదు, మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోవాల్సిందే. కబుర్లకైతే ఇదే మేలు.

ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. మొదటి సొరంగం రాగానే చుట్టూ పిల్లలు కేకలు పెట్టారు. మా గార్డు మాత్రం గడియారం చూసుకున్నాడు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపడానికని 1960లలో వేసిన లైను ఇది. వాడి సర్వీసులో ఎక్కువ భాగం ఆ ఖనిజం బండ్ల వెనకే గడిచింది.

"బండి చివర బ్రేక్ వ్యానులో ఒక్కణ్ణే. లైటుండదు, బాత్రూముండదు. ఇంజను ముందెక్కడో అర కిలోమీటరు అవతల. వాకీటాకీ రాకముందు కూత వినబడితేనే డ్రైవరు మెలకువగా ఉన్నాడని ధైర్యం. చిమిడిపల్లి లూప్ లైన్లో ఒక రాత్రంతా వానలో నిలబెట్టేశారు. క్యారియరు సాయంత్రానికే ఖాళీ."

"పాపం, ట్రైన్ మేనేజరు గారు!" అన్నాడు బ్యాంకువాడు. గార్డు అనే పేరును రైల్వే 2022లో ట్రైన్ మేనేజరుగా మార్చింది. మావాడు అప్పటికే ఇంట్లో కూర్చున్నాడు. "ఒరేయ్, నేను పరీక్షలు రాసి, ఊళ్లు తిరిగి, జుట్టు రాల్చుకుని మేనేజరునయ్యాను. మీవాళ్లందరికీ ఒక్క కాగితంతో ఇచ్చేశారు. అదీ నీకు రాలేదు!" షిమిలిగుడ స్టేషన్ వచ్చేదాకా ఈ గొడవే. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున్న ఈ స్టేషన్‌కు, దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తయినదన్న పేరు చాలా కాలం ఉండేది. బోర్డు పక్కన ఫొటో దిగుదామని లేచేసరికి బండి కదిలింది.

అరకులో బస విషయానికొస్తే, పర్యాటక సంస్థవాళ్ల హరిత గదులు మాకు దొరకలేదు. శని, ఆదివారాలకు అవి త్వరగా నిండిపోతాయి. ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఫొటోల్లో ఉన్నంత కొండ కిటికీలోంచి నిజంగానే కనబడుతుంది, అందులో మోసం లేదు. కానీ వేణ్నీళ్లు పొద్దున్న రెండు గంటలే. డిసెంబరు చలిలో సాయంత్రం ఊరు తిరిగొచ్చిన అరవై దాటినవాళ్లకు అది శిక్ష. బయట నలుగురు కూర్చునే చోటే లేదు. గదిలో పోగై నవ్వుకుంటుంటే పదింటికి ఫోన్ చేసి "కొంచెం మెల్లగా సార్" అన్నారు. "హాస్టల్ వార్డెన్ మళ్లీ దొరికాడ్రా" అంది టీచరు. అద్దెకు తగ్గ గదే, మాలాంటి జట్టుకు తగ్గ చోటు కాదు. గదిలో సెల్ సిగ్నల్ లేకపోవడానికి మాత్రం అందరూ నన్నే తిట్టారు. ట్రంక్ కాల్ బుక్ చేసి ఎదురుచూడండి, రాత్రికి కలుపుతానని చెప్పాను.

ఊళ్లో చూడాల్సినవాటిలో నా ఓటు గిరిజన మ్యూజియానికే. పద్మాపురం తోట చిన్నపిల్లలున్నవాళ్లకు బావుంటుంది. మాకు అరగంట చాలనిపించింది. కాఫీ మ్యూజియంలో మనుషుల మధ్య కాఫీ కనబడదు, కప్పు కొనుక్కుని బయటికొచ్చి తాగడం ఉత్తమం. గిరిజన మ్యూజియంలో మాత్రం మాకు దొరికిన గైడు అలాంటిలాంటిది కాదు. టీచరు మొదటి పోస్టింగు ఈ ఏజెన్సీలోనే. అక్కడ పెట్టిన నమూనా ఇల్లు చూపించి, అలాంటి ఇంట్లోనే ఉన్నానంది. బస్సు దిగి గెడ్డ (వాగు) దాటి నడవాలట. గెడ్డ పొంగితే బడి లేదు. ఐదు తరగతులకూ ఒక్క టీచరే. పిల్లల భాష ఆవిడకు రాదు, ఆవిడ తెలుగు వాళ్లకు రాదు. "మొదటి నెల వాళ్లే నాకు పాఠం చెప్పారు. చెట్ల పేర్లన్నీ అప్పుడు నేర్చుకున్నవే." ఆర్టీసీవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ బస్సు నేనే నడిపానేమో, దిగేటప్పుడు చిల్లర ఇవ్వలేదని తిట్టిందెవరో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. చిల్లర కండక్టరు పని కదరా అంటే వినడు.

మర్నాడు కారు మాట్లాడుకుని అనంతగిరి వైపు దిగాం. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు, ఇదే సరైన పద్ధతి. సాయంత్రం తిరుగు రైలు తరచూ ఆలస్యమవుతుంది. ఖనిజం బండ్లకు దారివ్వాలి, రెండో లైను పనులు ఇంకా సాగుతున్నాయి. ఆ సంగతి చెప్పి మమ్మల్ని కారెక్కించింది గార్డే. కారులో ముందు సీటు ఆర్టీసీవాడిది. కుర్ర డ్రైవరు గాలికొండ దాటాక న్యూట్రల్లో వదిలితే, ఇటు తన ముందు లేని బ్రేకును మావాడి కాలు నొక్కుతోంది. చివరికి ఆగలేక, "బాబూ, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ పోతే వేడెక్కి కింద పట్టదు" అన్నాడు. ఆ అబ్బాయి మంచివాడు, విన్నాడు. ఘాట్‌లో కారు మాట్లాడుకునేవాళ్లు అద్దె కంటే ముందు ఈ సంగతి అడగండి.

అనంతగిరిలో దిగిన గెస్ట్‌హౌస్ పాతది. గోడలకు పెచ్చులూడాయి, టీవీ పనిచేయదు. కానీ పొడుగాటి వరండా, కేన్ కుర్చీలు, ఎదురుగా సిల్వర్ ఓక్ చెట్లెక్కిన మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. వంటమనిషి ఎప్పుడడిగినా టీ పెట్టాడు. మళ్లీ వెళ్తే నేను అరకులో రాత్రి ఉండను, ఇక్కడే ఉంటాను.

బొర్రా గుహల దగ్గర టికెట్ల క్యూ చూసి బ్యాంకువాడు వెనకడుగు వేశాడు. 2016 నవంబరు 8 రాత్రి నుంచి వాడికి క్యూలంటే టెన్షన్. నోట్లు మార్చుకునే జనాన్ని ఆ రోజుల్లో వాడే పంపించాలి, తిట్లూ వాడే తినాలి. "నిలబడ్డవాళ్లు నిన్ను గుర్తుపట్టరు, పదరా" అని లాక్కెళ్లాం. గుహలు మాత్రం చూసి తీరాలి. గోస్తనీ నది నీరు సున్నపురాయిని కరిగించి చేసిన పని అది. పైనే రైలు పట్టాలు. కానీ మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి పెద్ద గది చూసి వెనక్కి తిరిగితే నష్టమేమీ లేదు. బయట కోతులకు చేతిసంచులంటే ప్రీతి.

ఎస్.కోటలో టీకి ఆగినప్పుడు బ్యాంకువాడు లెక్కల పుస్తకం తీశాడు. తొమ్మిది రూపాయలు తేలడం లేదు. "ఈ తేడా తేలందే కౌంటరు మూయను" అని కూర్చున్నాడు. కోతి లాక్కెళ్లిన వేరుశనగల పొట్లం ఎవరి ఖాతాలో రాయాలన్న దానిమీద విశాఖ దాకా వాదన సాగింది.