ఆపితే ఆపింది, ఆపానని చెప్పదు: ఫ్యామిలీ డీఎన్ఎస్‌తో మా ప్రెస్ అనుభవం

విశాఖ డాబాగార్డెన్స్‌లో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. కస్టమర్లు మా సిస్టమ్స్‌లోనే మెయిల్ తెరుస్తారు, డిజైనింగ్‌లో ఆడపిల్లలు కూర్చుంటారు. పిచ్చి సైట్లు పొరపాటున కూడా తెర మీదకి రాకూడదని రూటర్‌లో ఉచిత ఫ్యామిలీ డీఎన్ఎస్ పెట్టించి రెండేళ్లు దాటింది. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని నంబర్ అడ్రస్ వెతికిచ్చే సేవ. ఫ్యామిలీ రకమైతే అడల్ట్ సైట్లకి అసలు అడ్రస్ ఇవ్వదు. అశ్లీలం ఆపడంలో దానికి వంక పెట్టను. నా బాధంతా ఒక్కటే: ఆపిన సంగతి ఎవరికీ చెప్పదు.

అనకాపల్లి వైపు నుంచి లోదుస్తుల బాక్సుల ఆర్డర్ వచ్చింది. ఫొటోలు తమ వెబ్‌సైట్ నుంచి దించుకోమన్నారు. ఎంతకీ తెరుచుకోదు. నెట్ పోయినప్పుడు వచ్చే మెసేజే వస్తోంది. మా డిజైనర్ రూటర్ ఆపి మళ్లీ వేసింది. నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే లైన్ బాగుందన్నారు. కస్టమరేమో, "మాకు బానే వస్తోందండీ, మీ నెట్ చూసుకోండి" అన్నారు. మధ్యాహ్నమంతా పని ఆగిపోయింది. చివరికి ఆ అమ్మాయి తన ఫోన్ డేటాలో చూస్తే వెంటనే వచ్చేసింది! సిస్టమ్‌లో ఎన్ఎస్‌లుకప్ (సైటు అడ్రస్ అడిగే కమాండ్) కొడితే అడ్రస్ 0.0.0.0 అని, అంటే ఎక్కడికీ పోని అడ్రస్ చూపించింది. ఆ బట్టల ఫొటోలకి సైటునే అడల్ట్ జాబితాలో వేసినట్టుంది.

హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత) సైటు స్థానంలో 'బ్లాక్ చేశాం' అనే పేజీ పెడితే, సైటు గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ సరిపోలేదని బ్రౌజర్ అడ్డుకుంటుంది. అది నిజమే. కానీ రూటర్ యజమానికి ఏది ఆపిందో రాసిపెట్టే లాగ్ అయినా ఉండాలి కదా! ఖాతా లేకుండా వాడే ఈ సేవలో అదీ లేదు.

అందుకే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని, అందులో పై-హోల్ పెట్టించాను. అది మన ఆఫీసులోనే ఉండి డీఎన్ఎస్ ప్రశ్నలన్నీ తన మీదుగా పంపి, లాగ్ రాసే సాఫ్ట్‌వేర్. దాని లాగ్‌లో ఆ సైటు పక్కన 'బ్లాక్డ్, ఎక్స్‌టర్నల్' అని కనిపించింది. అంటే ఆపింది పై-హోల్ కాదు, దాని వెనకున్న ఫ్యామిలీ డీఎన్ఎస్. కాబట్టి పై-హోల్‌లో ఎంత అనుమతించినా లాభం లేదు. ఆ ఒక్క డొమైన్‌ని (సైటు పేరుని) ఫిల్టర్ లేని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8కి పంపేలా రాయిస్తే తెరుచుకుంది. లాగ్ ఉంటుందని మా వాళ్లందరికీ ముందే చెప్పాను. ఎవరేం చూస్తున్నారో అందులో పడుతుంది, చెప్పకుండా పెట్టడం న్యాయం కాదు.

ఫ్యామిలీ డీఎన్ఎస్ పెట్టడం అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదని తోటి ప్రెస్సుల వాళ్లకి ఇదివరకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు రాస్‌బెర్రీ పై, దానికో యూపీఎస్ కూడా కలిపి చెబుతున్నాను. అది ఆగితే ఆఫీసంతటికీ నెట్ ఆగినట్టే. ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ (మన రూటర్‌ని కాకుండా వేరే డీఎన్ఎస్‌ని అడిగే సెట్టింగ్) పెట్టుకుంటే ఫిల్టర్‌ని దాటేస్తారు. దానికోసం అది వెళ్లే దారి, 853 పోర్ట్, రూటర్‌లో మూయించాను. బ్రౌజర్‌లో అలాంటిదే అయిన సెక్యూర్ డీఎన్ఎస్ మాత్రం మామూలు సైట్లు వాడే 443 పోర్ట్ మీదే వెళ్తుంది, దాన్ని మూయలేం. సిస్టమ్స్‌లో ఒక్కొక్కటిగా ఆఫ్ చేయించాం.

మా దగ్గర లాగ్ చదివే పిల్ల ఉంది కాబట్టి మాకు ఇది చాలు. మీది లోదుస్తుల కొట్టో, గైనిక్ క్లినిక్కో అయితే మాత్రం ఖాతా, లాగ్, అనుమతి జాబితా ఇచ్చే సేవకి డబ్బు కట్టడమే మేలనుకుంటా.